సిఫార్సు లేఖలో దోషం: సాక్ష్యం, సంతకం, సవరణ

తెలుగులో 'సిఫార్సు' అనే మాటకు మంచి పేరు లేదు. పారసీకం నుంచి వచ్చిన ఈ పదం వ్యవహారంలో 'పెద్దవారి చేత చెప్పించుకోవడం' అనే అర్థంలో స్థిరపడింది. తిరుమలలో బ్రేక్ దర్శనానికి శాసనసభ్యులు ఇచ్చే ఉత్తరం సిఫార్సు లేఖే. దానిని తీసుకువెళ్లిన భక్తుని గుణగణాలను గురించి ఆ లేఖ ఏమీ చెప్పదు, చెప్పవలసిన అవసరమూ లేదు. అక్కడ సంతకం ఎవరిదన్నదే ముఖ్యం. లేఖలోని వాక్యాలు నిజమా కాదా అన్న ప్రశ్న పుట్టదు, ఎందుకంటే అది ఒక విషయాన్ని తెలిపే వాక్యం కాదు, ఒక పనిని కోరే వాక్యం. విదేశాలలోని వైద్య, దంతవైద్య, న్యాయ కళాశాలలకు దరఖాస్తు చేసే విద్యార్థికి అధ్యాపకుడు రాసి ఇచ్చే లేఖకు కూడా తెలుగువారు ఇదే పదం వాడుతున్నారు. ఈ లేఖ స్వభావం పూర్తిగా వేరు. ఇది సాక్ష్యం. ఒక వ్యక్తిని దగ్గరనుంచి చూసినవాడు, చూడనివారికి తాను చూసినదానిని చెబుతున్నాడు. రెండు భిన్న వ్యవహారాలకు ఒకే పేరు ఉండటం వల్ల మొదటిదాని సంస్కారం రెండవదానిలోకి చొరబడింది. లేఖలో తప్పు దొర్లినప్పుడు దానిని ఎవరు, ఎవరికి, ఎంతవరకు సరిదిద్దాలి అన్న నైతిక ప్రశ్న తెలుగు విద్యాలోకంలో స్పష్టంగా రూపుకట్టకపోవడానికి ఈ నామసామ్యం ఒక కారణమని చెప్పవచ్చు.

మరొక కారణం ఇక్కడి ప్రవేశ విధానంలోనే ఉంది. ఈఏపీసెట్, నీట్, లాసెట్ వంటి పరీక్షలలో ర్యాంకే నిర్ణాయకం. అధ్యాపకుని అభిప్రాయానికి ఆ ప్రక్రియలో చోటు లేదు. కళాశాల విడిచేటప్పుడు ఇచ్చే ప్రవర్తన ధ్రువపత్రం ముందే అచ్చు వేసిన ఫారం. పేరు, సంవత్సరం నింపితే చాలు, 'సంతృప్తికరం' అన్న మాట అందరికీ ఒక్కటే. ఈ అలవాటులో పెరిగిన అధ్యాపకుని ముందు, తన పాతికేళ్ల ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా, ఈ విద్యార్థి విమర్శను ఎలా స్వీకరిస్తాడు, సహాధ్యాయులతో ఎలా మెలగుతాడు అని అడిగే ఒక విదేశీ ఫారం ప్రత్యక్షమవుతుంది. ఆ ప్రశ్నలకు సమాధానం ఆయన దగ్గర ఉండవచ్చు. దానిని సాక్ష్యంగా చెప్పే అభ్యాసం మాత్రం లేదు.

లేఖ వెళ్లే దారి

అమెరికాలో వృత్తివిద్యా ప్రవేశాలు చాలావరకు కేంద్రీకృత సేవల ద్వారా జరుగుతాయి. న్యాయ కళాశాలలకు ఎల్‌సాక్, వైద్య కళాశాలలకు ఆమ్‌కాస్, భారతదేశం వంటి దేశాలలో బీడీఎస్ చదివి అక్కడ తిరిగి దంతవైద్య పట్టా పొందదలచిన వారికి కాపిడ్ అనే సేవ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల దంతవైద్య పట్టభద్రులు ఈ చివరిదాని ద్వారానే దరఖాస్తు చేస్తారు. ఈ సేవల పద్ధతిలో లేఖ రచయిత ఒకసారి లేఖను సమర్పిస్తే, విద్యార్థి కోరిన అనేక సంస్థలకు అదే ప్రతి చేరుతుంది. ఈ సాంకేతిక వివరం నైతిక చర్చకు ముఖ్యమైనది. ఒక కళాశాల పేరు ప్రస్తావించి, 'మీ సంస్థకు ఈమె ఎంతో తగినది' అని రాసిన లేఖ మరొక కళాశాలకు చేరితే, ఆ తప్పు రచయితది కాకపోవచ్చు. ఆ లేఖను అక్కడికి కేటాయించిన విద్యార్థిది కావచ్చు. అయితే చదివేవారికి ఈ తేడా కనబడదు. ఎవరి చేతి తప్పో తెలియని తప్పుకు ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు, సాధారణంగా అది విద్యార్థే.

1974లో అమెరికా కాంగ్రెస్ చేసిన కుటుంబ విద్యా హక్కుల, గోప్యతా చట్టం ప్రకారం సంస్థలో చేరిన విద్యార్థికి తన రికార్డులను చూసే హక్కు ఉంది. సెనేటర్ జేమ్స్ బక్లీ పేరుతో ఈ చట్టాన్ని బక్లీ సవరణ అని కూడా అంటారు. సిఫార్సు లేఖల విషయంలో ఈ హక్కును విద్యార్థి వదులుకోవచ్చు. వదులుకుంటేనే ప్రవేశం ఇస్తామని సంస్థ షరతు పెట్టరాదు. 1975 జనవరి 1కి ముందు గోప్యంగా రాసిన లేఖలకు ఈ హక్కు వర్తించదు. అప్పటివరకు నడిచిన నమ్మకాన్ని చట్టం వెనక్కి వెళ్లి భంగపరచలేదన్నమాట. ఆచరణలో ఎక్కువమంది విద్యార్థులు హక్కును వదులుకునే గడినే ఎంచుకుంటారు. తనను గురించి రాసినదానిని తాను చూడనని ఒప్పుకుంటేనే ఆ సాక్ష్యానికి విలువ పెరుగుతుందని వారి అంచనా.

ఇక్కడొక ధర్మసంకటం ఉంది. హక్కును వదులుకున్న విద్యార్థికి లేఖలోని తప్పు తెలిసే మార్గం లేదు. తెలిసినా, తెలిసిందని చెప్పడం మాట తప్పడమేమోనన్న సంకోచం కలుగుతుంది. ఈ సంకోచం అనవసరం. హక్కును వదులుకోవడమంటే చూపించమని అడగకుండా ఉండటానికి అంగీకరించడం మాత్రమే. అధ్యాపకుడు తనంతట తాను చూపిస్తే కళ్లు మూసుకుంటానన్న ప్రతిజ్ఞ అందులో లేదు. వాత్సల్యంతో 'ఇదిగో, నిన్ను గురించి ఇలా రాశాను' అని ప్రతి పంపే మాస్టార్లు తెలుగునాట తక్కువేమీ కాదు.

ఆప్తుడెవరు?

భారతీయ జ్ఞానమీమాంసలో ఈ సమస్యకు సిద్ధమైన పరిభాష ఉంది. గౌతముని న్యాయసూత్రాలు శబ్దప్రమాణాన్ని ఆప్తుని ఉపదేశంగా నిర్వచించాయి. వాత్స్యాయన భాష్యం ఆప్తునికి రెండు లక్షణాలు చెప్పింది. అతనికి విషయం సాక్షాత్తుగా తెలిసి ఉండాలి, తెలిసినదానిని తెలిసినట్లుగా చెప్పాలన్న కోరిక ఉండాలి. ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా ఈ లక్షణం సమానమని భాష్యకారుడు స్పష్టం చేశాడు. ఆప్తత్వం హోదాను బట్టి రాదన్నమాట. తరగతిలో ఒక్కనాడు కూడా చూడని ప్రిన్సిపాల్ చేతనో, ఇంకా పై అధికారి చేతనో లేఖ రాయించుకోవాలని విద్యార్థులు, వారికంటె ఎక్కువగా తల్లిదండ్రులు, తిరుగుతూ ఉంటారు. వాత్స్యాయనుని కొలతలో ఆ లేఖ మొదటి లక్షణం దగ్గరే నిలిచిపోతుంది. అందులో ఒక్క అక్షరదోషం లేకపోయినా అది దోషయుక్తమే. బ్రిటిష్ తాత్త్వికుడు బెర్నార్డ్ విలియమ్స్ 2002లో ప్రచురించిన గ్రంథంలో సత్యానికి సంబంధించిన రెండు ప్రధాన గుణాలుగా నిర్దుష్టతను, నిజాయితీని చెప్పాడు. ఎన్నో శతాబ్దాల దూరంలో ఉన్న ఈ ఇద్దరూ ఒకే జంటను పట్టుకోవడం గమనార్హం.

మానవవాక్కులోని దోషాలను నాలుగుగా లెక్కించే సంప్రదాయం ఒకటి ఉంది. జీవగోస్వామి తత్త్వసందర్భంలో అవి భ్రమ, ప్రమాదం, విప్రలిప్స, కరణాపాటవం అని కనిపిస్తాయి. ఉన్నదానిని మరొకటిగా అనుకోవడం భ్రమ. అజాగ్రత్త ప్రమాదం. వంచించాలన్న కోరిక విప్రలిప్స. ఇంద్రియాలకు, సాధనాలకు సామర్థ్యం చాలకపోవడం కరణాపాటవం. వేదవాక్యం ఈ దోషాలకు అతీతమని నిరూపించడానికి ఏర్పడిన ఈ వర్గీకరణ, అధ్యాపకుని లేఖకు ఆశ్చర్యకరంగా అతుకుతుంది. ఇద్దరు విద్యార్థులను ఒకరుగా పొరబడి, ఒకరి సెమినార్ పత్రాన్ని మరొకరికి ఆపాదించడం భ్రమ. పాత లేఖలో పేరు మార్చి మిగిలినది మరచిపోవడం ప్రమాదం. తెలిసీ పెంచి రాయడం విప్రలిప్స. చెప్పదలచినది మనసులో ఉన్నా ఇంగ్లీషులో చెప్పలేక అరువు వాక్యాలతో సరిపెట్టడం కరణాపాటవం. బయటకు అన్నీ 'లేఖలో తప్పు'గానే కనిపిస్తాయి. వీటికి మందు మాత్రం ఒక్కటి కాదు.

ప్రమాదం, పొరపాటు

సంస్కృతంలో అజాగ్రత్తను చెప్పే 'ప్రమాదం' అనే పదం నేటి తెలుగులో రోడ్డు మీద జరిగేదానికి, అంటే ఎవరి సంకల్పమూ లేని ఘటనకు పేరైంది. పదార్థంలో వచ్చిన ఈ మార్పుతో పాటు బాధ్యత కూడా జారిపోయిందా అన్నది ఆలోచించదగిన విషయం. 'ప్రమాదవశాత్తు తప్పు దొర్లింది' అని రాసే అధ్యాపకుడు పాత అర్థంలో తన అజాగ్రత్తను ఒప్పుకుంటున్నాడు, కొత్త అర్థంలో తన ప్రమేయం లేదంటున్నాడు. ఏ అర్థంలో అంటున్నాడో ఆయనకే తెలియకపోవచ్చు.

జె.ఎల్. ఆస్టిన్ 1956లో సాకులను గురించి చేసిన ప్రసంగవ్యాసంలో ఇటువంటి భేదాన్నే రెండు గాడిదల ఉదాహరణతో చూపాడు. ఇద్దరి గాడిదలు ఒకే బీడులో మేస్తున్నాయి. తన గాడిదను కాల్చదలచినవాడు గురిచూసి కాల్చాడు, దగ్గరకు వెళ్లి చూస్తే చచ్చింది పొరుగువాడిది. అది పొరపాటు. గురి తన గాడిద మీదే ఉంది, ఇంతలో అవి కదిలాయి, గుండు పొరుగువాడి గాడిదకు తగిలింది. అది ఇప్పటి తెలుగు అర్థంలో ప్రమాదం. లేఖలలోని తప్పులు దాదాపు అన్నీ మొదటి రకానివే. లేఖ కదలదు. గురిచూసినవాడు సరిగా చూడలేదు, అంతే.

అజాగ్రత్త వల్ల వచ్చే తప్పులన్నీ సమానమా? సాధారణంగా అన్నిటికంటె ఎక్కువ కంగారు పుట్టించేది కళాశాల పేరు తప్పుపడటం. నిజానికి అది తేలికైన తప్పు. లేఖలోని సాక్ష్యం విద్యార్థిని గురించినది, కళాశాలను గురించినది కాదు. పేరు మారినంత మాత్రాన చెప్పిన విషయం చెడదు. ఆ విద్యార్థి మరికొన్ని చోట్ల కూడా దరఖాస్తు చేశాడని తెలుస్తుంది, అది ఎవరికీ రహస్యం కాదు. అనుభవం ఉన్న ప్రవేశ సంఘం దానిని దాటి చదవాలి. దాటి చదవకపోతే ఒకరి అజాగ్రత్తకు మరొకరిని శిక్షించినట్లవుతుంది.

సర్వనామం తప్పు అలా కాదు. అమ్మాయిని గురించిన లేఖలో మూడవ పేరా నుంచి పురుషవాచకం మొదలైతే, ఆ పేరా ఎవరిని చూసి రాసింది అన్న సందేహం వస్తుంది. అక్కడ చెడింది పైమెరుగు కాదు, సాక్ష్యానికి ఆధారమైన వ్యక్తి. ఈ తప్పు తెలుగు అధ్యాపకుల చేతిలో ఎక్కువగా జరగడానికి భాషాగతమైన కారణం కూడా ఉండవచ్చు. తెలుగులో గౌరవ బహువచనం లింగభేదాన్ని కప్పివేస్తుంది. 'వారు శ్రద్ధగా చదివారు' అన్న వాక్యం స్త్రీకీ పురుషునికీ సరిపోతుంది. పాత లేఖలో పేరు మారిస్తే తెలుగులో చాలాచోట్ల పని జరిగిపోతుంది, ఇంగ్లీషు ఆ సౌకర్యం ఇవ్వదు. అయితే దోషం ఇంగ్లీషు సర్వనామానిది కాదు. ఒకరిని చూసి రాసిన వాక్యం మరొకరికి కూడా సరిపోయిందంటే, అది ఇద్దరిలో ఎవరినీ చూడకుండా రాసిన వాక్యమై ఉండాలి. సర్వనామం ఆ సంగతిని బయటపెట్టింది.

దీనికి విరుద్ధంగా, తప్పుగా కనిపించి తప్పు కానివీ ఉన్నాయి. తెలుగువారికి ఇంటిపేరు ముందు వస్తుంది. పదవ తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విస్తరిస్తుంది. అధ్యాపకుడు తాను పిలిచే పేరుతో లేఖ రాస్తాడు, దరఖాస్తులో మరొక వరుసలో ఉంటుంది. ఇది ఎవరి దోషమూ కాదు, రెండు నామకరణ పద్ధతుల మధ్య ఉన్న ఎడం. విద్యార్థి ముందుగా పాస్‌పోర్టులోని పేరును రాసి ఇవ్వడం, అధ్యాపకుడు దానిని మక్కికి మక్కిగా ఎక్కించడం చాలు. దీని మీద ఇంతకంటె తత్త్వచర్చ అక్కరలేదు.

'నువ్వే రాసుకుని రా'

తెలుగు కళాశాలలలో లేఖ కోరిన విద్యార్థికి తరచు వినిపించే సమాధానం ఒకటి ఉంది. 'నువ్వే రాసుకుని రా బాబూ, చూసి సంతకం పెడతాను.' దీనిని వెంటనే అనైతికమని కొట్టివేయడం సులభం, న్యాయం కాదు. అఫిడవిట్‌ను న్యాయవాది రాస్తాడు, సాక్షి చదివి ప్రమాణం చేస్తాడు. రాసిన చేయి వేరైనంత మాత్రాన సాక్ష్యం చెల్లకుండా పోదు. వాక్యం వాక్యం చదివి, తాను చూసినదానితో సరిపోల్చి, సరిపోనిదానిని కొట్టివేసి సంతకం చేసిన అధ్యాపకుడు ఆ మాటలను తనవి చేసుకున్నట్లే. తరగతికి అరవైమంది, వారానికి ఇరవై గంటల బోధన, ఇంగ్లీషులో రాసే అలవాటు లేకపోవడం వాస్తవాలే.

చిక్కు మరొకచోట ఉంది. అదే విద్యార్థి, అదే వారంలో, లేఖను చూసే హక్కును వదులుకుంటున్నానని పోర్టల్‌లో గడి నింపుతాడు. చట్టం భాషలో అతడు అబద్ధం చెప్పలేదు, భవిష్యత్తులో చూడమని కోరనన్నాడు. గోప్యమని నమ్మి చదివే సంఘానికి మాత్రం ఆ గడి మరొకటి చెబుతోంది. ఈ మాటలు విద్యార్థి కంటపడకుండా వచ్చాయని చెబుతోంది. ఆ విద్యార్థికి అవి కంటపడటం కాదు, అతని చేతి నుంచే వచ్చాయి. ద్రోణపర్వంలో ధర్మరాజు గట్టిగా పలికిన మాటకూ మెల్లగా పలికిన మాటకూ మధ్య ఉన్న ఎడం వంటిది ఇది. దోషం ముసాయిదా రాయడంలో కంటె, ముసాయిదా రాసి గోప్యతను ప్రకటించడంలో ఎక్కువగా ఉంది.

ఈ పద్ధతిలో తప్పులను సరిదిద్దడం కూడా అసాధ్యమవుతుంది. విద్యార్థి తన ముసాయిదాలో ఒక పొరపాటు రాశాడనుకుందాం. అధ్యాపకుడు చదవకుండా సంతకం చేశాడు. ఆ తప్పు ఎవరి భ్రమ? అధ్యాపకునికి ఆ విషయంలో అసలు జ్ఞానమే లేదు, కాబట్టి భ్రమ కూడా లేదు. తప్పుపట్టడానికి కూడా ఒక నమ్మకం ఉండాలి కదా. సవరించమని అడిగితే ఆయన 'సరే, మార్చి తెచ్చుకో' అంటాడు. లేఖకు రచయిత లేడు, అందువల్ల సవరించేవాడూ లేడు.

కరణాపాటవం గురించి ఒక మాట. తన విద్యార్థిని బాగా ఎరిగిన తెలుగు అధ్యాపకుడు, ఇంగ్లీషు చాలదన్న ఒకే కారణంతో ముసాయిదాను ఆశ్రయిస్తున్నట్లయితే, అనువాదాన్ని అంగీకరించే సంస్థలకు ఆయన తెలుగులోనే రాయడం మేలు. తెలిసిన భాషలో పది వాక్యాలు రాసి, మరొకరి చేత సాదా ఇంగ్లీషులోకి మార్పించి, రెండు ప్రతులూ పంపవచ్చు. అనువాదంలో వచ్చిన తప్పును మూలంతో పోల్చి పట్టుకోవచ్చు. మూలమే లేని అరువు వాక్యంలో పట్టుకోవడానికి ఏమీ లేదు.

మౌనం చెప్పేది

లేఖలలో అతిశయం ఎంత సాధారణమో చెప్పనక్కరలేదు. తెలుగు గ్రంథాలకు రాసే ముందుమాటలు చదివినవారికి ఇది కొత్త కాదు. ప్రతి తొలి కవితాసంపుటీ ఒక మలుపు, ప్రతి సిద్ధాంతవ్యాసమూ ఒక మైలురాయి. ఇందులో ఎవరూ మోసపోరు, అందరికీ తగ్గింపు లెక్క తెలుసు. పాఠకులే తగ్గించి చదువుతారని తెలిసినప్పుడు పెంచి రాయడం అబద్ధమవుతుందా అని అడగవచ్చు.

హెచ్.పి. గ్రైస్ 1967లో హార్వర్డ్‌లో చేసిన ఉపన్యాసాలలోని ప్రసిద్ధమైన ఉదాహరణ సిఫార్సు లేఖే. తత్త్వశాస్త్ర ఉద్యోగానికి దరఖాస్తు చేసిన శిష్యుని గురించి గురువు అతని ఇంగ్లీషు బాగుందని, తరగతులకు క్రమంగా వచ్చేవాడని మాత్రం రాస్తాడు. తత్త్వశాస్త్రం ఊసే లేదు. ఆ లేమి నుంచే అతనికి తత్త్వశాస్త్రం రాదని పాఠకుడు గ్రహిస్తాడు. ఆనందవర్ధనుని ధ్వనిసిద్ధాంతం చదువుకున్న తెలుగు పాఠకునికి ఇది పరిచితమైన మార్గమే. వాచ్యార్థం ప్రశంస, వ్యంగ్యార్థం నిరాకరణ. అయితే వ్యంజన పనిచేయాలంటే వక్తకూ శ్రోతకూ ఒకే సంప్రదాయం తెలిసి ఉండాలి. అతిశయమే మామూలైన చోట, 'మంచి విద్యార్థి' అని నిజాయితీగా రాసిన తెలుగు అధ్యాపకుని మాట, ఆ సంప్రదాయంలో ఉన్న పాఠకునికి 'అంతంతమాత్రం' అని ధ్వనిస్తుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. అయినా చదివినవారిలో అసత్యజ్ఞానం కలిగింది. ఇది పై నాలుగు దోషాలలో దేనిలోనూ సరిగా ఇమడదు. దీనికి ప్రతిక్రియ విశేషణాన్ని పెంచడం కాదు, విశేషణాన్ని తగ్గించి విషయాన్ని పెంచడం. 'అత్యుత్తమ' అన్న మాటకు తగ్గింపు లెక్క ఉంది. 'దంతశిబిరంలో మూడు రోజులపాటు రోగుల వివరాలను తానే నమోదు చేసింది' అన్న వాక్యానికి లేదు.

మేలుచేసే తప్పు

లేఖలోని తప్పును గురించిన ఆందోళన అంతా హాని చేసే తప్పును గురించే. పేరు తప్పుపడితే విద్యార్థి నిద్రపోడు. తనకు మేలు చేసే తప్పు పడితే? నైతికంగా క్లిష్టమైనది ఇదే. దీనిని గురించి ఎవరూ అడగరు.

ఒక సందర్భాన్ని ఊహించవచ్చు. బీడీఎస్ పూర్తిచేసిన ఒక యువతి కాపిడ్ ద్వారా దరఖాస్తు చేస్తోంది. గ్రామీణ దంతశిబిరంలో ఆమె పాల్గొన్నది. ఆమె ప్రొఫెసర్ ఆ శిబిరాన్ని ఆమే నిర్వహించిందని రాసి సమర్పించాడు. ఆ తరువాత సంతోషంగా ఒక ప్రతి ఆమెకు పంపాడు. శిబిరాన్ని నడిపినది ఆమె సహాధ్యాయి. ప్రొఫెసర్ మోసం చేయలేదు, ఇద్దరినీ కలిపి గుర్తుంచుకున్నాడు. గడువుకు రెండు వారాలుంది.

ఆమెకు వచ్చే మొదటి ఆలోచన సహజమైనదే. లేఖ తాను రాసింది కాదు, చూసే హక్కు కూడా తనకు లేదు, తాను మౌనంగా ఉంటే ఎవరి మాట తప్పినట్లు? ఈ వాదంలో ఒక లోపం ఉంది. ఆ లేఖను ఏ సంస్థకు పంపాలో ఎంచుకునేది ఆమె. అబద్ధమని తెలిసిన లేఖను కేటాయించడం ఆమె చేసే పని, ప్రొఫెసర్ చేసేది కాదు. పైగా ఆ వాక్యం మూడవ వ్యక్తి శ్రమను తీసి ఆమెకు ఇస్తోంది. ఆ సహాధ్యాయి కూడా అదే సంవత్సరం దరఖాస్తు చేస్తూ ఉండవచ్చు. ఒకే శిబిరానికి ఇద్దరు నిర్వాహకులు ఒకే సంఘం ముందుకు వస్తే, సంఘం ఎవరిని అనుమానిస్తుందో ఎవరూ చెప్పలేరు.

అయితే ఆమె నేరుగా సంస్థకు రాయడం సరికాదు. లేఖ ప్రొఫెసర్ వాక్కు. దానిని సవరించే అధికారం, గౌరవం మొదట ఆయనవి. తెలుగు శిష్టాచారంలో గురువు తప్పును 'తప్పు' అనకుండా చెప్పే పద్ధతి ఉంది. 'సార్, చిన్న సందేహం. శిబిరం బాధ్యత మొత్తం మా స్నేహితురాలు చూసుకుంది, నేను రికార్డులు మాత్రమే రాశాను. లేఖలో అది మారిందేమో' అంటుంది ఆమె. ఇది నటన కాదు, సవరించుకునే అవకాశాన్ని పెద్దవారి చేతిలోనే ఉంచడం. గురువుల మంచి నడవడినే అనుసరించమని, ఇతరమైనదానిని కాదని తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడే వీడ్కోలు వేళ శిష్యునికి చెబుతాడు. గురువులోనూ అనుసరించరానిది ఉండవచ్చునని సంప్రదాయమే ఒప్పుకుంది.

ప్రొఫెసర్ వెంటనే దిద్దితే సమస్య లేదు. 'ఫర్వాలేదమ్మా, అందరూ ఇలాగే రాస్తారు, వదిలెయ్' అంటే? ఆ క్షణంలో తప్పు జాతి మారుతుంది. నిన్నటి వరకు అది భ్రమ. ఈరోజు తెలిసి ఉంచినందువల్ల అది విప్రలిప్స. కాగితం మీద ఒక్క అక్షరం మారలేదు. పొరపాటు అన్నది వాక్యంలో ఉండే గుణం కాదు, వాక్యానికీ వక్త ఎరుకకూ ఉన్న సంబంధమని ఈ ఘట్టం చూపిస్తుంది. 'ఉత్తరం వెళ్లిపోయింది కదా' అన్న మాటకు ఇక్కడ బలం లేదు. ఉత్తరం వెళ్లిపోవచ్చు, దాని మీది సంతకం మాత్రం రోజూ ఆ మాటనే చెబుతూ ఉంటుంది.

అప్పుడు ఆ యువతి ఏం చేయాలి? గురువు మీద ఫిర్యాదు చేయవలసిన బాధ్యత ఆమెకు లేదని వాదించవచ్చు. తనకోసం ప్రేమతో చేసిన పనికి ఆయనను బోనెక్కించడం న్యాయంగా తోచదు. ఆ లేఖను వాడుకోకుండా ఉండవలసిన బాధ్యత మాత్రం ఉంది. మరొకరి చేత తక్కువ మెరుపున్న లేఖ తెచ్చుకోవచ్చు. సమయం చాలక దానినే పంపవలసివస్తే, ఇంటర్వ్యూలో శిబిరం ప్రస్తావన రాగానే, అడగకముందే, తన పాత్ర ఎంతో చెప్పాలి. ఇది ఆమెకు నష్టం కలిగించదని ఎవరూ హామీ ఇవ్వలేరు. నష్టం లేదని తేలితేనే నిజం చెప్పాలన్నది లౌక్యం.

ఫలితం తరువాత

విలియమ్స్ 1976లో నైతిక భాగ్యం గురించి రాసిన వ్యాసంలో, తన తప్పేమీ లేకుండా ఒక బిడ్డను ఢీకొన్న లారీడ్రైవర్‌ను ప్రస్తావించాడు. చూస్తున్నవారి విచారం వేరు, ఆ డ్రైవర్ పడే విచారం వేరు. జరిగినదానిలో తన చేయి ఉన్నందువల్ల కలిగే ఆ బాధను మరొకరు మాన్పలేరు. సర్వనామం మార్చని ఇద్దరు అధ్యాపకులను ఊహిస్తే, ఒకరి విద్యార్థికి సీటు వచ్చింది, మరొకరి విద్యార్థికి రాలేదు. అజాగ్రత్త సమానమే. రెండవ అధ్యాపకుడు మాత్రం ఆ లేఖను తలచుకున్నప్పుడల్లా కలత పడతాడు. సీటు రాకపోవడానికి లేఖే కారణమో కాదో ఆయనకు ఎన్నటికీ తెలియదు, ఎందుకంటే సంఘాలు కారణం చెప్పవు. మొదటి అధ్యాపకునికి తన తప్పు గుర్తే ఉండదు. భాగ్యవశాత్తు బాధ తప్పింది, బాధ్యత తప్పలేదు. ఆయన కంప్యూటర్‌లో అదే పాత లేఖ వచ్చే సంవత్సరానికి సిద్ధంగా ఉంది.

ఫలితం వచ్చిన తరువాత తెలిసిన తప్పును కూడా దిద్దాలా? హాని చేసిన తప్పు విషయంలో సమాధానం కొంత సులభం. విద్యార్థి మరుసటి ఏడాది దరఖాస్తు చేస్తే కొత్త లేఖ రాయాలి, పాతదానిని మెరుగుపరచి కాదు. మేలుచేసిన తప్పు విషయంలో ప్రశ్న బరువెక్కుతుంది. విద్యార్థి చేరిపోయాడు, లక్షల అప్పు ఉంది. అధ్యాపకునికి ఇప్పుడు తెలిసిన తప్పు, ఆనాటి భ్రమ. దానిని ఇప్పుడు చెబితే విద్యార్థి భవిష్యత్తు మీద పడవచ్చు. ఈ సందర్భంలో ఆ తప్పు నిర్ణయానికి ఆధారమైనదా, పక్కన పడి ఉన్నదా అన్నది చూడాలి. తరగతిలో రెండవ స్థానాన్ని మొదటి స్థానమని రాస్తే, మార్కుల పత్రం ఆ సంఘం ముందే ఉంది, వారు దానిని పోల్చి చూసుకోగలరు. చేయని వైద్యసేవ చేశాడని రాస్తే పోల్చడానికి మరొక ఆధారం లేదు, రేపు అతని చేతికింద ఉండే రోగి ఆ మాటను నమ్మినవారిని నమ్ముతాడు. మొదటిదానిని వదిలేయవచ్చునేమో. రెండవదానిని వదిలేయడం కష్టం. వృత్తివిద్యా సంస్థకు రాసిన లేఖలో విద్యార్థి, అధ్యాపకుడు, సంఘం కాక నాలుగవవాడు ఒకడున్నాడని, అతడు ఆ లేఖను ఎన్నడూ చదవడని గుర్తుంచుకుంటే ఈ భేదం స్పష్టపడుతుంది.

సవరణ లేఖ ఎలా ఉండాలన్నది చిన్న విషయమే అయినా ఆచరణలో అక్కడే చాలామంది తడబడతారు. క్షమాపణలతో మొదలై, విద్యార్థిని మరింత పొగిడి, తప్పును మధ్యలో ఎక్కడో దాచే లేఖ సవరణ కాదు, రెండవ సిఫార్సు. ఏ తేదీ లేఖలో ఏ వాక్యం సరికాదో, సరైనది ఏమిటో, ఆ తప్పు రచయితదే తప్ప విద్యార్థిది కాదనీ మూడు వాక్యాలలో చెప్పి సంతకం చేస్తే సరిపోతుంది. చివరి వాక్యం తప్పనిసరి. అది లేకపోతే తప్పు పట్టించినది ఎవరో, లాభపడబోయినది ఎవరో అన్న ఊహాగానాలు విద్యార్థి మీద వాలుతాయి.